దేవగన్నేరుకు ఏటేటా కత్తెర ఎందుకు?

దేవగన్నేరు పూయడం లేదు, ఏం చెయ్యమంటారు అని అడిగినవాళ్ళందరినీ నేను ముందు అడిగేది ఒకటే: కిందటేడు కొమ్మలు కొట్టించారా? ఎక్కువమంది అవుననే అంటారు. చెట్టు గుబురుగా రావాలనో, అడ్డదిడ్డంగా పెరిగిందనో, కత్తిరిస్తే కొత్త చిగుళ్ళు వచ్చి బాగా పూస్తుందని ఎవరో చెప్పారనో కొట్టించి ఉంటారు. ఆ తర్వాత పూత రాలేదని ఎరువు వేస్తారు. ఎరువుకి ఆకు దట్టంగా వస్తుంది, పువ్వు రాదు. ఆకు ఎక్కువైందని మళ్ళీ కత్తెర తీస్తారు. ఇలా ఏళ్ళ తరబడి ఒక్క గుత్తి కూడా వెయ్యకుండా ఉండిపోయిన చెట్లు నాకు తెలుసు. వాటికి ఏ రోగమూ లేదు. మట్టిలో లోపం లేదు. వాటిని పూయనివ్వలేదు, అంతే.

గులాబీకి, మల్లెకు మేలు చేసే పద్ధతిని ఈ చెట్టు మీద రుద్దడం వల్ల వచ్చిన చిక్కు ఇది. గులాబీని కత్తిరిస్తే కొన్ని వారాల్లో కొత్త చిగురు మీద మొగ్గ కనిపిస్తుంది. ఆ అనుభవంతోనే జనం దేవగన్నేరు దగ్గరికి వస్తారు. దేవగన్నేరు కూడా కొత్త పెరుగుదల చివరే పూస్తుంది, నిజమే. కానీ ఆ కొత్త కొమ్మ పూతకు రావాలంటే ముందు పొడుగెదగాలి, లావెక్కాలి, చాలినన్ని ఆకులు వేసి రాల్చాలి. దానికి వారాలు చాలవు. ఒక్కోసారి ఒక ఏడాది కూడా చాలదు. అందుకే నా మాట ఇది: దేవగన్నేరుకు ఏటేటా కత్తెర పెట్టకూడదు. ఇష్టాయిష్టాల సంగతి కాదిది. కారణం ఆ చెట్టు కొమ్మల్లోనే కళ్ళెదుట కనిపిస్తూ ఉంటుంది.

ఆకు రాలిన కాలంలో ఒక కొమ్మను పట్టుకుని చివరినుంచి కిందికి చూసుకుంటూ రండి. కొమ్మ బొటనవేలంత లావుంటుంది. మిగతా చెట్లలా చివరికి పోయేకొద్దీ సన్నని రెమ్మగా మారదు, మొద్దుగా ఆగిపోతుంది. దాని ఒంటి నిండా అర్ధచంద్రాకారపు మచ్చలుంటాయి. ఒక్కో మచ్చా ఒకప్పుడు ఒక ఆకు అంటిపెట్టుకుని ఉన్న చోటు. అవి కొమ్మ చుట్టూ మెలి తిరిగిన వరసలో పైకి పోతాయి. గోటితో కొద్దిగా గీరితే బూడిదరంగు పొర కింద లేత ఆకుపచ్చ కనబడుతుంది, వెంటనే తెల్లటి పాలు ఊరతాయి. ఇంకా కిందికి వస్తే కొమ్మ రెండుగానో మూడుగానో చీలిన పంగ తగులుతుంది. ఆ పంగ నడిమధ్యన ఎండిపోయిన చిన్న మచ్చ ఒకటి ఉంటుంది, చూడకపోతే కంటికి ఆనదు. వెనకటి పూలగుత్తి కాడ నిలబడిన చోటు అది. దేవగన్నేరు పెరిగే తీరంతా ఆ మచ్చలో ఉంది.

వేప లాంటి చెట్లలో కొమ్మ కొన పెరుగుతూనే ఉంటుంది. పూలు కొమ్మ పక్కన, ఆకుల దగ్గర వస్తాయి, లేదా అసలు కొన ముందుకు పోవడానికి అడ్డం రాని చోట వస్తాయి. దేవగన్నేరులో అలా కాదు. కొమ్మ కొనలో ఉన్న పెరుగుదల మొగ్గే పూలగుత్తిగా మారిపోతుంది. అంటే పూసిన కొమ్మకు ఇక ముందుకు పెరగడం ఉండదు. తన పని అక్కడితో సరి. ఆ గుత్తి కిందున్న పక్క మొగ్గలు రెండో మూడో, అరుదుగా అంతకన్నా ఎక్కువో, నిద్రలేచి కొత్త కొమ్మలవుతాయి. అవి పెరిగి, ఆకులు వేసి, ఎప్పటికో తామూ కొనలో పూసి ఆగిపోతాయి. వాటి కిందనుంచి మరో వరస లేస్తుంది. మొత్తం చెట్టు ఇలా ముక్క మీద ముక్క పేర్చుకుంటూ కట్టుకున్నదే. మనకు ఒకే పొడవాటి కొమ్మలా కనిపించేది నిజానికి నాలుగైదు తరాల కొమ్మల వరస.

1970లో ఫ్రాన్సిస్ హాలే, రోలోఫ్ ఓల్డెమాన్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు ఉష్ణమండలపు చెట్ల ఆకృతుల మీద పనిచేసి ఒక గొప్ప సంగతి బయటపెట్టారు. జాతులు ఎన్ని వేలున్నా, వాటి కొమ్మల కట్టు మాత్రం కొద్దిపాటి నమూనాల్లోకే వస్తుందన్నారు. ఒక్కో నమూనాకు ఒక్కో శాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు. దేవగన్నేరుది లేవెన్‌బర్గ్ నమూనా. ఆ పేరుగల డచ్ శాస్త్రజ్ఞుడు ఈ చెట్టు కుటుంబమైన అపోసైనేసీ మీద ఏళ్ళ తరబడి శ్రమించినవాడు. ఆముదమూ కర్రపెండలమూ కూడా ఇదే నమూనాలో పెరుగుతాయి. ఆముదం మొక్క చివర గెల వేసి ఆగి, కిందనుంచి పంగలు చీలడం గమనించినవాళ్ళకు దేవగన్నేరు వెంటనే అర్థమవుతుంది. ఆముదం కొద్ది నెలల్లో చేసే పనిని ఈ చెట్టు ఏళ్ళ మీద చేస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి వేసుకోవచ్చు. ప్రతి పంగలో రెండేసి కొమ్మలు లేస్తే, పది పూతలకు 1,024 కొనలు. మూడేసి లేస్తే 59,049. అన్ని కొనలున్న దేవగన్నేరును ఎవరూ చూసి ఉండరు. ఎందుకంటే చెట్టు తనను తాను సవరించుకుంటుంది. అన్ని కొనలూ ప్రతి ఏడూ పూయవు. నీడలో పడిన కొమ్మలు బక్కచిక్కి ఎండిపోతాయి. పైగా తరం మారేకొద్దీ ముక్క పొట్టిదవుతుంది. మొదటి కాండం మనిషి ఎత్తు దాకా ఒంటరిగా పోతే, పై వరసల్లో పంగకూ పంగకూ మధ్య దూరం జానెడుకు దిగుతుంది. ముదురు దేవగన్నేరుకు వచ్చే ఆ గుండ్రటి, గొడుగులాంటి తల ఇలా వచ్చిందే. ఏ తోటమాలీ దిద్దింది కాదు. గుబురుగా రావాలని కత్తెర పట్టేవాళ్ళు ఈ మాట ఒక్కటి చెవిన వేసుకుంటే చాలని నాకనిపిస్తుంది. ఈ చెట్టుకు గుబురు పూతతో పాటే వస్తుంది. పూస్తేనే పంగ, పంగలుంటేనే గుబురు.

కొమ్మ కొడితే ఏమవుతుందో ఇప్పుడు చూడండి. కొనలో ఈ ఏడో పై ఏడో గుత్తిగా మారాల్సిన మొగ్గ కత్తెరతో పాటే పోతుంది. తెగిన చోటుకు కిందనుంచి రెండు మూడు చిగుళ్ళు లేస్తాయి, కాబట్టి పైకి చూడటానికి పూత తర్వాత వచ్చిన పంగలాగానే ఉంటుంది. తేడా ఏమిటంటే, చెట్టు పువ్వు అనే మెట్టు ఎక్కకుండానే తర్వాతి తరానికి వెళ్ళిపోయింది. ఆ కొత్త కొమ్మలు పూతకు రావడానికి సాధారణంగా ఒక పూత కాలం పోతుంది, ఒక్కోసారి రెండు. ఏటా కత్తిరించేవాళ్ళ చెట్టు ఆ గడువును ఎన్నటికీ దాటదు. సరిగ్గా పూతకు సిద్ధమయ్యే సమయానికి మళ్ళీ కొన పోతుంది. పూల కోసం చేస్తున్న పనే పూలకు అడ్డుపడుతోంది.

అడ్డంగా తెగిన మొండెం నుంచి ఒకేసారి లేచే చిగుళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, వెలుతురు కోసం నిటారుగా, సన్నగా సాగుతాయి. దేవగన్నేరు కలప మెత్తనిది, నీరు పట్టి ఉండేది. అలా సాగిన కొమ్మలు గాలికి మొదలు దగ్గరే విరుగుతాయి. వానాకాలంలో కోస్తే ఇంకో ప్రమాదం ఉంది. తెగిన ముఖంలోంచి తేమ లోపలి మెత్తటి బెండులోకి దిగి కొమ్మ నల్లగా కుళ్ళుతుంది. నొక్కితే వేలు దిగిపోయేంత మెత్తబడిన కొమ్మలు నేను చూశాను. ఆ కుళ్ళు ఆరోగ్యంగా ఉన్న కణజాలం దాకా కోసి పారేస్తే తప్ప ఆగదు. ఒక కత్తిరింపు ఇంకో కత్తిరింపును పిలిచే పరిస్థితి అది.

దీనికి వచ్చే ఎదురు ప్రశ్నలు నాకు తెలియనివి కావు. చెట్టు దారికి అడ్డం వస్తే? గోడకు ఆనితే? విరిగిన కొమ్మ వేలాడుతుంటే? అప్పుడు కొట్టాల్సిందే, దాని పద్ధతి తర్వాత చెబుతాను. నేను కాదంటున్నది అవసరం లేని, అలవాటుగా చేసే వార్షిక కత్తిరింపును. ఇంకో మినహాయింపు కూడా నిజాయితీగా చెప్పాలి. దేవగన్నేరు అని మనం పిలిచేది ఒక్క జాతి కాదు. ఆకు కొన మొనదేలి, ఎరుపు, గులాబి, పసుపు, తెలుపు రంగుల్లో పూసి, ఏటా ఆకు రాల్చేది ప్లుమేరియా రుబ్రా. దీని ఆకును వెలుతురుకు పట్టి చూస్తే పక్క ఈనెలన్నీ అంచుకు కాస్త ఇవతల ఒక గీతలో కలుస్తాయి. ఆకు కొన గుండ్రంగా, ముదురు ఆకుపచ్చగా మెరుస్తూ, వెచ్చదనమూ తేమా ఉన్న చోట ఏడాదంతా ఆకు నిలుపుకునే తెల్లపూల చెట్టు ప్లుమేరియా అబ్‌ట్యూసా. పాము పడగ ఆకారపు ఆకులతో గుబురు పొదలా పెరిగి, దాదాపు ఏడాది పొడవునా తెల్లగా పూసేది ప్లుమేరియా పుడికా. ఈ మూడోది కత్తెరకు బాగానే ఓర్చుకుంటుంది, కంచెగా కూడా పెంచుతారు. నా వాదన ముఖ్యంగా మొదటి దాని గురించి, కొంతవరకు రెండోదాని గురించి. పుడికాను కత్తిరించి మంచి పూత చూసినవాళ్ళు అదే పని రుబ్రాకు చేస్తే మొదటికే మోసం వస్తుంది.

కత్తెర పట్టడానికి జనం చెప్పే కారణాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి. "ఆకులన్నీ రాలిపోయాయి, చెట్టు చచ్చిపోతోందేమో, కొమ్మలు కొట్టేస్తే మళ్ళీ చిగురిస్తుందేమో" అంటారు. అది చావు కాదు, ఈ చెట్టు బతికే పద్ధతి. రుబ్రా పుట్టిల్లు మెక్సికో నుంచి మధ్య అమెరికా మీదుగా దక్షిణ అమెరికా ఉత్తర కొస దాకా. అక్కడి పొడి ఆకురాలు అడవుల్లో, రాతి వాలుల్లో, మట్టి పలచగా ఉన్నచోట పెరుగుతుంది. ఆ అడవుల్లో ఏటా నెలల తరబడి చినుకు పడదు. ఆకు ఉంటే నీరు ఆవిరైపోతుంది కాబట్టి పొడి కాలం రాగానే ఆకు వదిలేస్తుంది. లావాటి కొమ్మల్లో దాచుకున్న నీటితో, పిండితో ఆ నెలలు గడుపుతుంది. బెరడు కింద మనం గోటితో చూసిన ఆ ఆకుపచ్చ ఊరకే లేదు. ఆకుల్లేని రోజుల్లోనూ వెలుతురును కొంత వాడుకోగల పొర అది. పొడి కాలం చివర, తరచు ఆకు కంటే ముందే, మోడు కొమ్మల చివర పూలు విచ్చుకుంటాయి.

ఈ ఓర్పు ఎంతటిదో తెలియాలంటే చలి దేశాల్లో పెంచేవాళ్ళను చూడాలి. మంచు పడితే ఈ చెట్టు బతకదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతేనే ఇబ్బంది పడుతుంది. అందుకని వాళ్ళు శీతాకాలం ముందు మొక్కను వేళ్ళతో సహా పెకలించి, మట్టి దులిపి, నీరు పోయకుండా, వెలుతురు లేని గదిలో నెలల పాటు పడుకోబెడతారు. వేసవి రాగానే తిరిగి నాటితే చిగురిస్తుంది. కోసి పక్కన పడేసిన కొమ్మ వేరు పుట్టకముందే పూలగుత్తి తొడిగిన సందర్భాలు పెంపకందారులందరికీ తెలిసినవే. కొమ్మలో అంత నిల్వ ఉంటుంది. అలాంటి చెట్టు కొన్ని వారాలు మోడుగా నిలబడితే మనం కంగారుపడాల్సిందేమీ లేదు.

కంగారులో చేసే పనులే దాన్ని చంపుతాయి. మొదటిది నీరు. ఆకు లేని చెట్టు నీరు తాగదు, తాగాల్సిన పని లేదు. అయినా వాడిపోతోందని రోజూ కుండీ తడుపుతారు. వేళ్ళ చుట్టూ నీరు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి, ఆ కుళ్ళు మెల్లగా కాండంలోకి ఎక్కుతుంది. పైనుంచి చూస్తే కొమ్మ ముడతలు పడుతుంది. ముడతలు చూసి ఇంకా నీరు పోస్తారు. ముడత రెండు రకాలుగా రావచ్చు, దాహం వల్లా వేరు కుళ్ళడం వల్లా. కొమ్మను నొక్కి చూడండి. ముడతపడినా గట్టిగా ఉంటే దాహం. కింది భాగం మెత్తగా ఉంటే కుళ్ళు. ఎదుగుదల ఉన్న కాలంలో మాత్రం నీరు బాగానే తాగుతుంది, ఎండ ఎంతైనా తట్టుకుంటుంది. రోజుకు ఆరు గంటల నేరుటెండ తగలని చోట పెట్టి పూలు ఆశించడం వృథా. కత్తెరా ఎరువూ చేసే హాని గురించి ఇంత రాస్తున్నాను గానీ, నీడలో పెట్టిన చెట్టు ఏ తప్పూ చేయకపోయినా పూయదు.

రెండోది ఎరువు. నత్రజని ఎక్కువైతే కొమ్మలు పొడుగు సాగి ఆకు దట్టమవుతుంది, పూత వెనకబడుతుంది. ఇది చాలామందికి తెలుసు. తెలిసి అటునుంచి ఇటు దూకుతారు, పూత కోసమని భాస్వరం విపరీతంగా ఉన్న పొడులు తెచ్చి పోస్తారు. సంచి మీద మూడు అంకెల్లో భాస్వరం పాలు చెప్పే నడిమిది 50 అని ఉన్న పొడిని దేవగన్నేరు కోసమే తయారుచేసినట్టు సిఫారసు చేసేవాళ్ళు ఎందరో. మట్టిలో భాస్వరం మితిమీరితే ఇనుము, జింకు మొక్కకు సరిగా అందవు, ఆకు ఈనెల మధ్య పసుపు తిరుగుతుంది. ఆ పసుపు చూసి మరో మందు. పూత భాస్వరం కొరతతో ఆగినప్పుడే భాస్వరం పనిచేస్తుంది. కొన తెగడం వల్ల ఆగిన పూతను ఏ పొడీ తేలేదు. తెగిపోయిన మొగ్గను మట్టిలోంచి పుట్టించే ఎరువు లేదు.

తుప్పు తెగులు గురించి కూడా ఒక మాట. ఆకు అడుగున నారింజ రంగు పొడి చుక్కలు చుక్కలుగా కనబడితే అది కోలియోస్పోరియం ప్లుమేరియే అనే శిలీంధ్రం. ఆకులు పసుపెక్కి వేళకు ముందే రాలతాయి. చూడటానికి భయంకరంగా ఉంటుంది కానీ ఇది ఆకు రోగం. దీనికి కొమ్మలు కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. రాలిన ఆకులు ఏరి దూరంగా పారేయడం, సాయంత్రాలు ఆకుల మీద నీళ్ళు చల్లకుండా ఉండటం, గాలి ఆడనివ్వడం చాలు.

ఇంత పట్టుబట్టి పూల గురించి మాట్లాడుతున్నాను కాబట్టి ఆ పువ్వు దగ్గర కాసేపు ఆగాలి. అప్పుడే రాలిన పువ్వొకటి తీసుకుని బ్లేడుతో నిలువునా చీల్చండి. ఐదు రేకులు, ఒకదాని అంచు పక్కదాని మీదికి వచ్చేలా మెలితిరిగి పరుచుకుని ఉంటాయి. మొగ్గలో అయితే గొడుగు ముడిచినట్టు గట్టిగా చుట్టుకుని ఉంటాయి. రేకుల కింద సన్నటి గొట్టం. పైనుంచి చూస్తే కేసరాలు కనబడవు, కీలాగ్రమూ కనబడదు. అవన్నీ గొట్టం అట్టడుగున, సన్నటి వెంట్రుకల మాటున దాగి ఉంటాయి. అంత అడుగున, అంత పరిమళం పెట్టుకుని, తేనె చుక్క ఉండాలి కదా? వెతకండి. ఉండదు.

దేవగన్నేరు పువ్వులో మకరందం లేదు. సాయంత్రం దాటాక పెరిగే వాసన, చీకట్లోనూ కనబడే తెలుపు, మధ్యలో పసుపు, పొడుగు గొట్టం, ఇవన్నీ హాక్ మాత్ అనే పెద్ద శలభాలను పిలిచే గుర్తులు. అవి గాలిలో నిలబడి పొడవాటి నాలుకను గొట్టంలోకి దింపి తేనె కోసం వెతుకుతాయి. ఏమీ దొరక్క పక్క పువ్వుకు పోతాయి, పోతూ పుప్పొడి మోసుకుపోతాయి. 1984లో విలియం హేబర్ అనే శాస్త్రజ్ఞుడు కోస్టారికాలో ఈ చెట్ల మీద చేసిన పరిశోధనలో దీన్ని మోసంతో జరిగే పరాగసంపర్కంగా వివరించాడు. మోసపోయిన శలభం త్వరగానే వేరే జాతి పూల దారి పడుతుంది, కాబట్టి వేల పూలు పూసినా కాయ కట్టేది బహు కొద్ది. ఇదే కుటుంబపు శలభాల్లో స్యూడోస్ఫింక్స్ టెట్రియో అనే జాతి ఉంది. దాని గొంగళిపురుగు నల్లటి ఒంటి మీద పసుపు పట్టీలతో, ఎర్రని తలతో 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అమెరికా ఉష్ణమండలంలో దేవగన్నేరు ఆకులను కొమ్మలకు కొమ్మలే ఊడ్చేస్తుంది. మన చర్మాన్ని మండించే పాలు దాన్ని ఆపవు. ఆకులన్నీ పోయినా చెట్టు మళ్ళీ చిగురిస్తుంది, ఎందుకంటే పురుగు తినేది ఆకును, కొమ్మ కొనను కాదు. పురుగు వదిలిపెట్టే కొనను మనం వదలడం లేదు.

కాయ అరుదు అన్నాను. కట్టినప్పుడు మాత్రం జంటగా కడుతుంది. ఒకే కాడ మీద రెండు వైపులా కొమ్ముల్లా సాగిన రెండు కాయలు. అవి ముదరడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. గోధుమరంగుకు తిరిగి, ఎండి, ఒక పక్కన నిలువునా చీలతాయి. లోపల పొరలు పొరలుగా పేర్చిన గింజలు, ఒక్కో గింజకు ఒక పక్క కాగితంలాంటి రెక్క. గాలికి ఎగిరిపోవడానికి ఆ ఏర్పాటు. కత్తెర పడే చెట్టు మీద కాయ చూడటం కల్ల. గుత్తి రావాలి, నిలవాలి, కాయ కట్టాలి, మళ్ళీ అన్ని నెలలు ఆ కొమ్మను ఎవరూ ముట్టుకోకూడదు. అంటే ఏటా కత్తిరించడం వల్ల పోయేది ఈ ఏటి పూలు మాత్రమే కాదు, రాగల మొక్కలు కూడా.

దేవగన్నేరును దాదాపు అందరూ కొమ్మ నాటే పెంచుతారు. తేలిక కాబట్టి. జానెడో మూరెడో కొమ్మ కోసి, తెగిన ముఖం ఆరేదాకా వారం పది రోజులు నీడలో పెట్టి, నీరు నిలవని మట్టిలో గుచ్చి, తడి తక్కువగా ఉంచితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వేళ్ళు వస్తాయి. వేళ్ళు రాకముందే గుత్తి వస్తే మనసు రాయి చేసుకుని తుంచేయాలి, లేదంటే నిల్వంతా పువ్వుకే పోతుంది. ముదురు కొమ్మ కాబట్టి త్వరగా పూస్తుంది కూడా. ఇందులో నాకు అభ్యంతరం లేదు. కానీ కొమ్మతో వచ్చే ప్రతి మొక్కా తల్లి నకలే. ఎన్ని వేల మొక్కలు నాటినా అది ఒకే చెట్టు. గింజ నాటితే ప్రతిదీ కొత్త చెట్టు. గులాబిరంగు పూల చెట్టు గింజకు తెల్లనిది రావచ్చు, పసుపు అంచుది రావచ్చు, తల్లికి లేని వాసనది రావచ్చు. పూలరంగుల్లో ఇప్పుడు మనం చూస్తున్న వైవిధ్యమంతా గింజల్లోంచి వచ్చినదే. అందుకే వీలున్నవాళ్ళు ఒకటి రెండు గింజలైనా నాటమని నేను గట్టిగా చెబుతాను. గింజ లావు కొస మట్టిలోకి, రెక్క పైకి ఉండేలా గుచ్చితే వారం రెండు వారాల్లో మొలక వస్తుంది. పూత చూడటానికి మూడేళ్ళు, కొన్నిటికి ఇంకా ఎక్కువ.

ఆ మూడేళ్ళలోనే మరో తొందరపాటు జరుగుతుంది. గింజ మొక్క సాధారణంగా మొదటి పూత దాకా ఒంటి కాడగానే పోతుంది, పక్క కొమ్మలు వేయదు. ఎందుకు వేయదో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది, పంగ చీల్చే పని పూలగుత్తిది. కానీ చూసేవాళ్ళకు కర్రలా ఒంటరిగా ఎదుగుతున్న మొక్క నచ్చదు. తల తుంచితే కొమ్మలు వస్తాయని తుంచేస్తారు. కొమ్మలు వస్తాయి, నిజమే. ఎన్నాళ్ళుగానో పూత వైపు నడుస్తున్న ఆ ఒక్క కొనా పోయి, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఏ పువ్వు పూస్తుందో ఎవరికీ తెలియని మొక్క అది. దాని మొదటి గుత్తిని చూడకుండానే తల తీయడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు.

ఇక తప్పనిసరిగా కొట్టాల్సి వస్తే ఎలా? ఆకు రాలిపోయి, కొత్త చిగురు ఇంకా కదలని రోజులు చూసుకోండి. వాన లేని పొడి వాతావరణం ఉండాలి. అప్పుడు పాలు తక్కువ కారతాయి, కోత త్వరగా ఆరుతుంది. కొమ్మను నడిమికి నరకొద్దు. అడ్డంగా ఉన్న కొమ్మ ఏ పంగలోంచి లేచిందో చూసి, ఆ పంగ దాకా మొత్తం తీసేయండి. అలా చేస్తే మొండెం మిగలదు, గుంపుగా చిగుళ్ళు లేవవు, పక్కనున్న కొమ్మ తన కొనతో తాను పూతకు వెళుతుంది. ఒక కొమ్మ పోతుంది కానీ మిగిలిన కొనలన్నీ మిగులుతాయి. చేతులకు తొడుగులు వేసుకోండి. ఈ పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి, కంట్లో పడితే మరీ ప్రమాదం.

ఏళ్ళ తరబడి కత్తెర తిన్న చెట్టు మీ దగ్గర ఉంటే దానికి విరుగుడు ఉంది, కానీ ఓపిక కావాలి. ఈ ఏడు ఏమీ కొట్టకండి. ప్రతి మొండెం దగ్గరా గుంపుగా లేస్తున్న చిగుళ్ళలో బయటి వైపుకు తిరిగినవి రెండో మూడో ఉంచి, తక్కినవి వేలెడు పొడవు కూడా కాకముందే బొటనవేలితో నెట్టి రాల్చేయండి. అంత లేతప్పుడు కత్తెరతో పని ఉండదు, గాయం కూడా చిన్నదే. ఎరువు మామూలు మోతాదులో, ఎదిగే కాలంలో మాత్రమే. ఆకు రాలితే నీరు ఆపండి. మొదటి ఏడు ఆకులే వస్తాయి, అది చూసి నిరుత్సాహపడకండి, కొమ్మలు లావెక్కుతున్నాయా లేదా అన్నదే ఆ ఏడు చూడాల్సింది. తర్వాతి పూత కాలానికో, ఆ పై దానికో కొన్ని కొనలు మొద్దుగా ఉబ్బి, ఆకుల నడుమ నుంచి చిన్న చిన్న మొగ్గల ముద్ద బయటపడుతుంది. అన్ని కొనలూ ఒకేసారి పూయవు. మొదటి గుత్తి ఏ కొమ్మకు వస్తే, పూలు అయిపోయాక ఎండిన కాడ దానంతటదే రాలనివ్వండి. ఆ కాడకు సరిగ్గా కిందున్న మొగ్గలే వచ్చే ఏటి కొమ్మలు.